వేలితో కలిపిన నీళ్లు

నా సంచిలో చేతులు కడుక్కునే బొమ్మల చార్టు ఎప్పుడూ ఉంటుంది. మడతల దగ్గర చిరిగితే ప్లాస్టరు అంటించాను. ఆశా కార్యకర్తగా పరిగి పల్లెల్లో ఎన్ని అరుగుల మీద దాన్ని పరిచానో లెక్కలేదు. "బిడ్డ దొడ్డి కడిగినాక సబ్బుతో చేతులు కడుగుతారా?" అంటే అందరూ "కడుగుతామక్కా" అనేవాళ్లే. కడగం అని ఎవరంటారు? టిక్కు కొట్టి పక్కింటికి పోయేదాన్ని.

ఒక రోజు ఒక ఇంట్లో పది నెలల బిడ్డకు రెండు రోజులుగా బేదులు. కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీది చర్మం పట్టి వదిలితే నిదానంగా సర్దుకుంటోంది. తల్లి మల్బరీ ఆకు కోసి అప్పుడే వచ్చింది. "ఇంత అధ్వానంగా ఉంటే బిడ్డకు రోగం రాకుండా ఉంటుందామ్మా?" అన్నాను. అంటూనే లీటరు నీళ్లు కొలిచి, ఓఆర్ఎస్ పాకెట్ కొసను పంటితో చింపి ఒంపాను. చెంచా కనపడలేదు. వేలు పెట్టి కలిపేశాను.

"అక్కా, నువ్వు చేతులు కడుక్కోలేదు గదా?"

ఎగతాళి కాదు, భయపడుతూనే అడిగింది. నేనేమో మోపెడ్ దిగి నేరుగా లోపలికి వచ్చాను. దారిలో ఇంకో ఇంట్లో ఇంకో బిడ్డను ఎత్తుకున్నాను కూడా.

ఆమె ఆ నీళ్లు పారబోసింది. మూలన ఉన్నవి రెండే బిందెలు, కొళాయి వచ్చేది మళ్లీ ఎల్లుండి. అందులోంచే చెంబుతో ముంచి, సన్నటి ధారగా నా చేతుల మీద పోసింది. ఇంకో పాకెట్ విప్పాను.

ఈ ఓఆర్ఎస్ గురించి ఊరూరా బన్గావ్ కథ చెప్పేదాన్ని. 1971లో అక్కడి బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు పట్టించారు. చావులు నూటికి నాలుగు లోపుకు పడిపోయాయి. అది డాక్టరు కథగానే చెప్పాను. ఆ నీళ్లు తాపిన చేతులు చాలావరకు ఇంటివాళ్లవని ఒక్కసారీ చెప్పలేదు.

బేదులు తెచ్చే రోటా వైరస్ శుభ్రమైన ఇళ్లకూ వస్తుంది. అందుకే కదా చుక్కల మందు; 2016లో ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. శిక్షణలో ఇదంతా రాసుకున్నాను. గడప దగ్గరికి పోయేసరికి గుర్తుండదు. తల్లిని కసరడం సులువు. కొళాయి రాని రోజును ఎవరు కసురుతారు?

అంతెందుకు, నా కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు వాడి దొడ్డి పెంట తిప్ప మీదే వేశాను. పసిబిడ్డల దొడ్డికి దోషం లేదని మా అత్త అంది, నేనూ నమ్మాను. చార్టు చేతికొచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె నా చేతుల గురించి అడిగిన రోజు నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. సాయంత్రం నా పుస్తకంలో ఆ ఇంటి ఎదురుగా "శుభ్రతపై అవగాహన తక్కువ" అని రాశాను.

బేదులు కట్టగానే జింకు మాత్రలు మానేస్తారు చాలామంది. ఆమె మానలేదు. పదిహేనో రోజు పోతే పద్నాలుగు మాత్రల ఖాళీ అట్ట తెచ్చి చూపించింది. పుస్తకం నా చేతిలోనే ఉంది, పెన్నూ ఉంది. ఆ మాట కొట్టేయలేదు. తేదీ వేసి, టిక్కు పెట్టి వచ్చేశాను.