వెనుకకు పరుగెత్తిన దేవుడు

ఫిల్మ్‌నగరులో దైవసన్నిధానమునకు సాయంకాలము నడచిపోవునపుడు కంటబడు సినిమా గోడపత్రికలలో ప్రతి కథానాయకుడును గొడ్డలియో కత్తియో ఎత్తి ముందునకు దూకుచునే యుండును. వెనుకకు రెండడుగులు వేయుచున్న నాయకుని బొమ్మను నేనింతవరకు చూచి యెరుగను. అయినను ఆ నాయకులందరును చేతులు జోడించు కృష్ణునకు, రణము విడిచినవాడని యర్థమిచ్చు రణ్‌ఛోడ్ అను పేరొకటి కలదు. గుజరాతు దేశమున డాకోరులో ఆయన ఆ పేరుతోనే పూజలందుకొనుచున్నాడు. కాలయవనుడు తరుముకొనిరాగా, చేతికి చిక్కునంత చేరువలోనే యుండి చిక్కక, వానిని కొండగుహలోనికి రప్పించి, నిద్రించుచున్న ముచుకుందుని వాడు తన్ని లేపగా ఆతని కంటిమంటకు ఆహుతి చేసిన ఘట్టము భాగవత దశమస్కంధమున నున్నది.

ఫుట్‌బాల్ ఆటలో కౌంటర్ ఎటాక్ అనబడు విద్య సరిగా ఇదియే. బంతిని ఎదుటివారికి విడిచి, మన సగములోనికి దిగి, వారి రక్షకులు సైతము గెలుపుటాశతో మధ్యగీత దాటివచ్చువరకు ఓర్చి, చిక్కిన బంతిని రెండు మూడు తాపులలో వారు ఖాళీ చేసివచ్చిన నేలమీదికి పంపవలెను. ఈ ఓర్పు తితిక్షయా, లేక భయమునకు పెట్టుకొన్న మంచిపేరా?

2019 సెప్టెంబరు 10న దోహాలో, జ్వరపడిన సునీల్ ఛెత్రి లేకయే, ఆసియా విజేతయైన కతారును మన జట్టు 0-0గా నిలువరించినది. గోలీ గుర్‌ప్రీత్ సింగ్ సంధు నాటి ధైర్యమును భయమని యనుటకు నాకు నోరు రాదు. కాని ముడుచుకొనుట వేరు, పొంచియుండుట వేరు. గీతలో స్థితప్రజ్ఞునకు తాబేలు నుపమానము చేసిరి గదా. అవయవములను లోనికి తీసికొనుటనే మనము పట్టుకొంటిమి గాని, ఆ తాబేలు మరల నడువవలసిన ప్రాణియని మరచితిమి. లోన నడకను దాచుకొనని ముడుపు వట్టి చిప్పయే యని నా తలంపు. ఇక పరుని దురాశవలన గెలుచుట వంచన కాదా యందురేని, ముచుకుందుని తన్నిన కాలు కాలయవనునిదే. గాయము నటించి నేలబడి కాలయాపన చేయుట మాత్రము వంచనయే.

హైదరాబాదు నగర పోలీసు జట్టుచే 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేసిన పని యొకటి ఇచ్చట మిక్కిలి విచారణీయము. 1962 జకార్తా ఆసియా క్రీడలలో తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ఆయన ఏకముగా ముందువరుసకు పంపెను. పరధర్మము భయావహమని నమ్మినవారికి ఇది అపచారముగా తోచవచ్చును. నాకట్లు తోచదు, ఏండ్లకొలది కాపు కాచినవానికి కాపరి కన్ను ఎప్పుడు చెదరునో తెలిసినట్లు వేరెవ్వనికి తెలియును? సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోరులో 17వ నిమిషమున పి.కె. బెనర్జీ, 20వ నిమిషమున జర్నైల్ గోలు చేసిరి. ఆపైన ఆ రెంటిని కాచుకొనుటయే పనియైనది. 85వ నిమిషమున కొరియా ఒకటి తీర్చుకొన్నను స్వర్ణము మనకే దక్కెను. ఈ కథను 2024లో ‘మైదాన్’ అను పేర హిందీవారు తెరకెక్కించిరి. ఊరిలోనే యున్న ఫిల్మ్‌నగరునకు అది పట్టలేదేమో.

అయితే, లోన నడక లేని ఓర్పు వట్టి చిప్పయన్న నా మాటకు రహీమే అడ్డు వచ్చుచున్నాడు. జకార్తానాటికే ఆయనను క్యాన్సరు పట్టియుండెను. మరుసటి యేడు జూన్ 11న కన్నుమూసెను. ఎదురుదాడికి తావే లేని శత్రువును దేహములో నుంచుకొని, మైదానపు గీత ప్రక్కన నిలిచి, ఇతరులకు ఎప్పుడు ఆగవలెనో ఎప్పుడు దూకవలెనో చెప్పుచుండిన ఆ మనుష్యుని ఓర్పునకు ఏ పేరు పెట్టవలెనో, దైవసన్నిధానపు ప్రదక్షిణము ముగిసినను నాకు తేలలేదు.