కాయకదృష్టితో వృత్తినిర్ణయము

డిగ్రీ చివరి సంవత్సరము చదువు విద్యార్థి ఏ పెండ్లికి పోయినను, ఏ ఉత్సవమునకు పోయినను పెద్దలు అడుగు ప్రశ్న ఒకటే: “తరువాత ఏమి చేయుదువు?” అతనియొద్ద సమాధానము లేదని అడిగినవారికిని తెలియును. అందుచేత సమాధానము కూడ వారే చెప్పుదురు. బ్యాంకు పరీక్ష వ్రాయుమని ఒకరు, గ్రూపు పరీక్షలకు కూర్చుండుమని ఒకరు, కంప్యూటరు కోర్సు నేర్చి అమెరికా పొమ్మని మరియొకరు. అతనికి ఏ పని చేతనగును, ఏ పనియందు మనస్సు నిలుచును అని విచారించువారు అరుదు. సలహా చెప్పుట సులభము. దానిని నమ్మి అయిదేండ్లు పోగొట్టుకొన్నచో బాధ్యులెవరు? ఇది ఉద్యోగసమాచారమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు, ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

ఈ సందర్భమున బసవేశ్వరుని కాయకసిద్ధాంతమును ఉదాహరించువారు కలరు. ఏ పనియు హీనము కాదని వేదికలపై చెప్పుదురు. మంచిమాటయే. కాని అది ఎవరికి చెప్పబడుచున్నదో గమనింపవలెను. చెప్పులు కుట్టువాని కుమారుడు ఇంటర్మీడియట్ ముగించి పైచదువు కోరినపుడు “ఏ పనియైనను పవిత్రమే, ఐ.టి.ఐ.లో చేరుము” అని బోధించిన పెద్దమనిషియే, సాయంకాలము తన కుమారుని ఇంజనీరింగు సీటుకై కోచింగు రుసుము కట్టి వచ్చును. ఐ.టి.ఐ. చదువు తక్కువది కాదు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను లేనిదే ఏ కర్మాగారమును నడువదు. దోషము ఆ చదువులో లేదు, రెండు కొలతలు పెట్టుకొనుటలో ఉన్నది.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో జరిగినది దీనికి విరుద్ధము. బ్రాహ్మణకుటుంబమున పుట్టిన బసవేశ్వరుడు పుట్టుకతో వచ్చిన వైదికమార్గమును విడిచి, బిజ్జలుని కొలువులో లెక్కలు వ్రాయు కరణమై, పిదప భండారి యయ్యెనని సంప్రదాయము చెప్పుచున్నది. పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య శరణులలో గౌరవస్థానము పొందిరి. పుట్టుకనుబట్టి మనిషి విలువను కొలుచు ఆచారమును త్రెంచుట కాయకములో సగభాగము. ఆ సగమును దాచి, ఉన్న పనితో తృప్తిపడుమను సగమును మాత్రమే పేదపిల్లలకు చెప్పుట పాత కులకట్టుబాటునకు క్రొత్త పేరు పెట్టుటయే.

అట్లని జీతమొక్కటే కొలబద్ద కాదు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి దాసోహము జరుపువాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ మిగులును మరల అచ్చటనే పోసి రమ్మని పంపెను. మారయ్యకు పనిని ఎంచిపెట్టినది లక్కమ్మ కాదు. ఆ పనికి హద్దును గుర్తుచేసినది ఆమె. పెద్దలు చేయదగిన సహాయము ఇట్టిది. (ఆమెను స్తుతించు ఇండ్లలో సైతము కుమార్తెను “తరువాత ఏమి?” అని అడుగువారు కొద్దిమందియే.)

హైదరాబాదులోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతములలో ఇరుకుగదులలో కలసియుండి గ్రూపు పరీక్షలకు చదువు యువకులను చూచినవారికి హద్దు విలువ తెలియును. తెలంగాణలో 2022లో వెలువడిన గ్రూపు-1 ప్రకటనపై జరిగిన ప్రాథమికపరీక్ష రెండుమారులు రద్దయినది. 2024లో ఆ ప్రకటనయే ఉపసంహరింపబడినది. చదివినవారి దోషమేమియు లేదు, సంవత్సరములు మాత్రము పోయినవి. సివిల్ సర్వీసు పరీక్షకు సాధారణవర్గమువారికి 32 ఏండ్లు, ఆరు ప్రయత్నములు అని ప్రభుత్వమే హద్దు పెట్టినది. తండ్రి పెట్టలేదు. “వచ్చే ఏడు తప్పక వచ్చును” అని అప్పు తెచ్చి పంపుచుండును. కుమారుడు సిగ్గుచే ఇంటికి మరలి రాలేడు. ఎన్నేండ్లు, ఎంత ధనము, కాకున్న ఏ పని అను మూడు మాటలు బయలుదేరుటకు ముందే అనుకొనియుండినచో మరలివచ్చుట ఓటమిగా తోచదు.

పని ఎట్లుండునో చూడకుండ దానిని ఎంచుకొనుట సంతలో మూటగట్టిన సరకును కొనుటవంటిది. 1961 నాటి అప్రెంటిసుల చట్టము మొదట చేతిపనులు నేర్చువారికి ఏర్పడినది. 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులకును అందులో చోటు కలిగినది. వారికి ఒక సంవత్సరము భృతితో శిక్షణ లభించును. అంతదూరము పోకున్నను, బి.కామ్ విద్యార్థి సెలవులలో నెలరోజులు ఆడిటరుయొద్ద కూర్చుండి చిట్టా వ్రాసినచో ఆ పని తనకు సరిపడునో లేదో వానికే తెలియును. పరిచయమున్న ఆడిటరు ప్రతి పెద్దమనిషికిని ఉండును. పెండ్లిసంబంధములకై తిరుగు శ్రద్ధలో సగము దీనికి చాలును.

ఇంత చేసిన పిమ్మట ఆ వేదికపై మాటలాడిన పెద్దమనిషి కుమారుడే వచ్చి, “నాకు మోటారు బాగుచేయు పనియందే ఆసక్తి కలదు, షెడ్డు పెట్టుకొందును” అని అనవచ్చును. కోచింగుకై దాచిన రుసుము ఆ షెడ్డునకు పెట్టుబడి అగునా, కాదా అనునది ఆ రాత్రి ఆ ఇంటిలోనే తేలవలెను.