ఏరు కోసినా పోని మఠం

నేను గోదావరి లంకలో పుట్టి పెరిగినవాణ్ణి. ఏటి నడుమ నేల ఎంత సారవంతమో, ఎంత నమ్మరానిదో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్యనున్న మాజులీలో తిరుగుతున్నంతసేపూ నన్ను ఒకటే ప్రశ్న వెంటాడింది. రేపు ఉంటుందో లేదో తెలియని నేల మీద మఠాలు వెలిశాయేమిటి? పవిత్రత నేలదా, మనుషులదా?

పదహారో శతాబ్దం తొలినాళ్లలో అస్సాం వైష్ణవ గురువు శంకరదేవుడు, తర్వాత ఆయనకు శిష్యుడైన మాధవదేవుడు మొదటిసారి కలిసింది ఈ మాజులీలోనేనని అక్కడి వైష్ణవుల విశ్వాసం. మాధవదేవుడు అప్పటికి శాక్తుడు. తల్లి జబ్బు నయమైతే అమ్మవారికి మేకల్ని బలిస్తానని మొక్కుకున్నాడు. మేకల్ని కొనిపెట్టమంటే, శంకరదేవుడి శిష్యుడైన బావగారు ఒప్పుకోలేదు. ఆ పంతం మీదే శంకరదేవుడితో వాదానికి దిగి, చివరికి ఆయన పాదాలు పట్టుకున్నాడు. ఆ పరంపరలోని వాళ్లే తర్వాత ఇక్కడ సత్రాలు నెలకొల్పారు. అక్కడ మఠాన్ని సత్రమనే అంటారు. 1653లో అహోం రాజు జయధ్వజ సింహుడి ఆదరణతో ఔనియాటి సత్రం వెలిసింది.

సత్రం నడుమ నామ్‌ఘర్ అనే పొడవాటి భజనశాల ఉంటుంది. దాన్ని ఆనుకుని గర్భగుడిలాంటి మణికూట్. చుట్టూ వరుసగా భక్తుల గదులు. కొన్ని సత్రాల్లో విగ్రహాలుంటాయి, మిగిలినచోట్ల ప్రధాన స్థానం చెక్క సింహాసనానిది. అంతస్తులంతస్తులుగా లేచిన ఆ సింహాసనం మూలల్లో తాబేలు మీద ఏనుగు, ఏనుగు మీద సింహం. పైన గుడ్డలో చుట్టిన భాగవతం. అంటే వరదొస్తే చంకన పెట్టుకుని పడవెక్కించగల దైవమన్నమాట.

కమలాబారి సత్రంలో ఒక సాయంత్రం చూశాను. ముసలి భక్తుడొకాయన పదేళ్ల కుర్రాడికి నృత్యం నేర్పుతున్నాడు. మాటల్లేవు. వంగిన మోచేతిని వేలితో కాస్త పైకెత్తి, మళ్లీ మొదటినుంచి చేయమని సైగ చేశాడు. బ్రహ్మచారులైన ఆ భక్తులకు పిల్లలుండరు. చిన్నప్పుడే సత్రానికి వచ్చిన ఇలాంటి కుర్రాళ్లే వారసులు. 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించిన సత్రియ, ఇన్ని తరాలుగా ఇలా ఒంటినుంచి ఒంటికి అందుతూ వచ్చింది.

1950 ఆగస్టు 15 నాటి భూకంపం తర్వాత బ్రహ్మపుత్ర కోత మరీ ముదిరింది. ఎన్నో సత్రాలు మాజులీ వదిలి ఒడ్డుకు తరలిపోయాయి. కమలాబారి సత్రమూ చోటు మార్చుకుంది. అయినా నామం ఆగలేదు, నృత్యం ఆగలేదు. కాబట్టి పవిత్రత మనుషులదేనని నా సమాధానం.

ఇంతటితో ఊరుకుంటే మాత్రం అన్యాయం. నామం పడవెక్కి పోగలదు, పొలం పోలేదు. సత్రానికి మరోచోట స్థలం దొరకొచ్చు. చేను ఏట్లో కలిసిన రైతు రాత్రికి రాత్రే కూలీ అవుతాడు. మా లంకల్లో ఇది కళ్లారా చూసినవాణ్ణి. శంకరదేవుడి మార్గంలో నాలుగు మూలవస్తువులు: దేవుడు, గురువు, నామం, భక్తులు. ఊరు చెదిరిపోతే పోయేది ఆ నాలుగోదే. దాన్ని పోనిచ్చి మిగిలిన మూడింటినీ కాపాడుకున్నామనుకోవడం భక్తి కాదు. మాజులీలోనైనా, మన గోదావరి మీదైనా, మఠం నిలిచిందని సంతోషించేవాళ్లు నేల పోయినవాళ్లకు నేల ఇప్పించమని కూడా గొంతెత్తాలి.