చిన్నాయన జీతం మాట

లేపాక్షి గుడికొచ్చినవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగి మురిసిపోతారు. నేను మాత్రం చుట్టాల్ని గోడమీది రెండు ఎర్ర మరకల దగ్గరికి తీసుకుపోతాను. ఖజానా సొమ్ము గుడికి తగలేశాడని నిందపడ్డ విరూపణ్ణ తన కళ్లు తానే పీకి ఆ గోడకేసి కొట్టాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. కథే కావచ్చు. కెమెరా పట్టుకున్నాక మాత్రం ఆ మరకలు నన్ను ఇబ్బంది పెడుతున్నాయి.

మూడేళ్ల కిందట మా చిన్నాయన మీద పన్నెండు నిమిషాల సినిమా తీశాను. శెనక్కాయ పంట వరసగా పోయి, బోరు ఎండి, ఆఖరికి హైవే పక్కన ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరాడాయన. పెనుకొండ దగ్గర ఎర్రమంచికి కియా వస్తుందని 2017లో ఖాయమైంది, 2019లో కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ప్లాంటు. దారిలో కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి. వానకోసం ఆకాశం చూసే మనుషులు షిఫ్టు బస్సు కోసం రోడ్డు చూడ్డం మొదలుపెట్టారు.

నా తలనిండా అప్పుడు ఇటాలియన్ నియోరియలిజం. విస్కాంతీ 'రోకో అండ్ హిజ్ బ్రదర్స్'లో దక్షిణాది పేద పల్లె నుంచి మిలాన్ చేరిన కుటుంబంలో ఒక కొడుకు ఆల్ఫా రోమియో కార్ల ఫ్యాక్టరీలో కుదురుకుంటాడు. (1960 నాటికి నియోరియలిజం అయిపోయిందంటారు పండితులు. హిందూపురం బస్సులో నిలబడ్డవాడికి ఆ పట్టింపు లేదు.)

డి సికా 'బైసికిల్ థీవ్స్' (1948) సంగతి వేరు. అందులో పోయిన సైకిల్ కోసం రోమ్ వీధులు తిరిగే ఆంటోనియోగా కనిపించే లాంబెర్తో మజ్జొరానీ నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా అయ్యాక అతని ఉద్యోగం పోయింది. బాగా సంపాదించి ఉంటాడులే అనుకున్నారు. తర్వాత వేషాలూ పెద్దగా రాలేదు. సినిమాకు మాత్రం ఆస్కార్ గౌరవం దక్కింది. 1950లో లండన్‌లో దాన్ని చూసిన సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' తీసే ధైర్యం తెచ్చుకున్నాడు. ఇంత లాభం ముందు ఒక మనిషి నష్టం ఏపాటిది అని నేనూ వాదించేవాణ్ణి.

నా సినిమాలో చిన్నాయన ఒకచోట జీతం ఎంతో, అందులో కోత ఎంతో చెప్తాడు. ఎవరో ఆ ముక్క కాంట్రాక్టరుకు చూపించారు. మరుసటి వారం నుంచి ఆయనకు పిలుపు రాలేదు.

అడిగే తీశాను కదా అంటే, నిజమే. కానీ అన్నకొడుకు అడిగితే కాదనే మనిషా ఆయన? ఆ మాట ఎడిటింగ్‌లో తీసేద్దామా అని ఒక రాత్రంతా ఆలోచించాను. నిజం దాచకూడదనే ఉంచానని చాన్నాళ్లు చెప్పుకున్నాను. అదీ అబద్ధం కాదు. కానీ ఆ షాట్లో ఆయన మొహం మీద వెలుతురు చాలా బాగా పడింది, అందుకూ ఉంచాను. నిజం చెప్పింది ఆయన, చప్పట్లు నాకు. పోయిన కూలి మాత్రం మళ్లీ ఆయనదే.

"పోన్లే నాయనా, నువ్వేం జేస్తావు" అన్నాడంతే. ఇప్పుడు హిందూపురం చింతపండు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు.

మొన్న ఉగాదికి పోయేసరికి అరుగు మీద కూచుని, పక్కింటాయనకు ఫోన్లో నా సినిమానే చూపిస్తున్నాడు. "మావోడు తీసింది" అంటున్నాడు. జీతం మాట వచ్చే చోటికి రాగానే బొటనవేలితో ముందుకు జరిపేశాడు.