పిడికెడు విత్తనము



ఈ సంచికకై ఆశను గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంఘ పెద్దలు నన్ను కోరినారు. కలము పట్టిన వెంటనే నాకొక సందేహము కలిగినది. మన శాస్త్రములలో ఆశకు మంచి పేరు లేదు. అది పూడని గొయ్యి యని, ఎంత పోసినను నిండదని మన ఆచార్యులు పలుమార్లు హెచ్చరించినారు. అంగడిలో కూర్చుండు మనకు ఆ మాట అనుభవములోనిదే. వంద వచ్చిన వేయి కావలెను; వేయి వచ్చిన లక్ష కావలెను. అట్టి ఆశను విడువుమని చెప్పవలసిన చోట, ఆశ పెట్టుకొనుడని ఎట్లు చెప్పుట?

కాని ఆశ బొత్తిగా లేనివాడు ఉపవాసము ఎందుకు చేయును? సామాయికమున ఎందుకు కూర్చుండును? ఈ ఆత్మ ఎన్నటికైనను కర్మబంధము నుండి విడివడగలదను నమ్మకము లేనిచో ధర్మమునకు మొదటి మెట్టే లేదు. కావున ఆశలు రెండు ఉన్నవి. ఒకటి బంధించునది, ఒకటి నిలబెట్టునది. ఈ భేదము నాకు గ్రంథములలో కంటె ముందుగా, చిన్నతనములో మా పొలము గట్టున తెలిసినది. ఆ సంగతినే మీకు మనవి చేసెదను.

మా తాతగారికి బరంపురములో ధాన్యము, పప్పుల వర్తకము. గంజాం జిల్లా మదరాసు రాజధానిలో ఉన్న రోజులలోనే మావారు ఈ ఊరు చేరి, ఇంటిలో తెలుగు, అంగడిలో తెలుగు ఒడియాలు రెండును మాట్లాడుచు స్థిరపడినారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి జిల్లా అందులో చేరినది. మా కొట్టు గడప మాత్రము మారలేదు. ఆస్కా పోవు బాటలో, హింజిలికాటు దాటిన తరువాత, మాకు కొద్దిపాటి పొలము ఉండెడిది. ఒక బాకీ క్రింద వచ్చిన భూమి అది. ఋషికుల్య కాలువ చివరి భాగమున ఉండుట చేత నీరు అందరికంటె ఆలస్యముగా వచ్చెడిది. 1866లో వచ్చిన ఘోరమైన కరువును ఒడియావారు నేటికిని నఅంక దుర్భిక్షమని చెప్పుకొందురు. అట్టి కరువు మరల రాకూడదని ఆ శతాబ్ది చివరి దశాబ్దములలో త్రవ్వించిన కాలువలు ఇవి.

వ్యవసాయము మాట వచ్చినప్పుడు ఒక సంగతి దాచరాదు. నాగలి క్రింద ఎన్ని జీవులు నలుగునో లెక్క లేదు. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో నేలను దున్నుట, త్రవ్వుట కూడ చేరి యున్నవి. "దున్నేది రైతు కదా, మనకేమి?" అని మా చిన్నాన్న ఒకనాడు అన్నారు. తాతగారు, "పంటలో పాలు తీసుకుంటున్నాం. పాపంలో పాలు వద్దంటే ఎలారా?" అన్నారు. ఆ భూమి ఉన్నంత కాలము ఆయన కొన్ని నియమములు పాటించినారు. కోసిన మళ్ళలో దుబ్బులు కాల్చరాదు. మిట్టమధ్యాహ్నము ఎడ్లను కట్టరాదు. సాయంకాలము ప్రతిక్రమణములో పొలము పేరు చెప్పి జీవులను క్షమాపణ వేడెడివారు. మన ఆది తీర్థంకరుడు ఋషభదేవుడే, రాజుగా ఉన్న కాలమున, జనులకు కృషిని నేర్పినాడని కూడ మాకు చెప్పెడివారు. ఆకలి తీర్చు పని గనుక ఆ ప్రభువు నేర్పినాడు. అందులో హింస కలదు గనుక మనము అప్రమత్తులమై ఉండవలెను. రెండును నిజములే.

అక్షయ తృతీయ మనకెట్టి పర్వమో మీకు తెలియును. ఋషభదేవుడు దీక్ష గైకొన్న పిమ్మట ఏడాదికి పైగా ఆహారము లభింపలేదు. జనులు ఇచ్చుటకు సిద్ధముగానే ఉండిరి. కాని మునికి భిక్ష ఎట్లు పెట్టవలెనో ఎరుగక, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను తెచ్చి ఎదుట నిలిపిరి. ప్రభువు కోపింపలేదు, అడుగలేదు, మానలేదు. తుదకు హస్తినాపురమున శ్రేయాంస కుమారునికి పూర్వజన్మ స్మరణ కలిగి చెరకు రసము సమర్పించెను. ఆ దినమే వర్షీతపము చేసినవారు చెరకు రసముతో పారణ చేయుదురు.

ఆ దినముననే ఒడియా రైతు క్రొత్త బట్ట కట్టి, క్రొత్త బుట్టలో విత్తనపు ధాన్యము పట్టుకొని పొలమునకు పోవును. లక్ష్మీదేవిని పూజించి, మొదటి పిడికెడు గింజలు నేలలో వేయును. దీనిని అఖి ముఠి అందురు. ముఠి యనగా పిడికిలి. అప్పటికి వైశాఖపు ఎండ మండుచుండును. వానల జాడ ఎక్కడను ఉండదు.

1965లో వానలు తప్పినవి. మన దేశములో అనేక ప్రాంతముల వలెనే ఒరిస్సా కూడ కరువు పాలయ్యెను. మా కాలువ చివరకు నీరు రాలేదు. పైరు వెన్ను తీయకుండనే ఎండిపోయినది. నాకు అప్పుడు పదవ ఏడు. ఆ సంవత్సరమే మా నాయనమ్మ వర్షీతపము పట్టినది. దినము విడిచి దినము ఉపవాసము. ఒకనాడు నేను, "నాయనమ్మా, పల్లెలో వాళ్ళు కూడా నీలాగే రోజు విడిచి రోజు తింటున్నారట," అన్నాను. ఆమె మాల ఆపి నన్ను దగ్గరకు పిలిచి, "నాది వ్రతం, వాళ్ళది ఆకలి. రెండూ ఒకటేనని ఎప్పుడూ అనకు నాయనా," అన్నది.

కొట్టు వెనుక గదిలో పన్నెండు బస్తాల విత్తనపు ధాన్యము, వేపాకు వేసి దాచినది, ఉండెను. అంగడిలో ధర నానాటికి పెరుగుచున్నది. మా నాన్నగారు దురాశాపరులు కారు. ఇంటిలో అప్పు ఉన్నది, మా అత్త పెండ్లి దగ్గరపడినది. అందుచేత, "నాన్నా, ఈ ధర మళ్ళీ రాదు. ఇప్పుడు అమ్మేద్దాం. వచ్చే ఏడు విత్తనాలు కొనుక్కోవచ్చు," అన్నారు.

"ఎవరి దగ్గర కొంటావు, అందరూ అమ్మేశాక?" అని తాతగారు అడిగినారు. నాన్నగారి వద్ద సమాధానము లేకపోయెను.

చైత్రములో తాతగారు నన్ను వెంటబెట్టుకొని పల్లెకు పోయినారు. మా పొలము పాలికి చేయు రైతు వాకిటిలోనే తలవంచుకొని నిలుచున్నాడు. "సావుకారూ, విత్తనం తినేశాం," అని ఒడియాలో అన్నాడు. దొంగతనము ఒప్పుకొనువాని గొంతు అది. తాతగారు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "పిల్లలు బతికారు కదా. గింజలు బరంపురంలో ఉన్నాయి," అన్నారు. అంతే. ఆ పన్నెండు బస్తాలును ఆ పల్లెలోనే నాలుగిళ్ళకు పంచినారు. వడ్డీ వ్రాయలేదు.

అక్షయ తృతీయ నాడు మేమందరము పొలమునకు పోయితిమి. నేల నెఱ్ఱెలు వారి యున్నది. రైతు పిడికెడు గింజలు వేసినాడు. నేను తాతగారి చేయి లాగి, "వాన రాకపోతే?" అని అడిగితిని.

"రాకపోతే పిడికెడు పోతుంది. వేయకపోతే వాన వచ్చినా ఏమీ రాదు," అన్నారు.

ఆ గట్టు మీదనే నాయనమ్మకు పారణ జరిగినది. ఆ యేటి చెరకు సన్నము, రసము కొద్ది. రైతు పిల్లలందరకు ఇచ్చిన తరువాత గాని ఆమె పుచ్చుకొనలేదు.

ఆ పిమ్మట నూరంతలు పండినదని వ్రాసినచో కథకు అందముగా ఉండును. కాని జరిగినది అది కాదు. 1966లో కూడ మా పొలమునకు చాలినంత వాన కురియలేదు. సగము పంట వచ్చినది. విత్తనపు బాకీ తీరుటకు మూడు సంవత్సరములు పట్టినది. మా అత్త పెండ్లి ఏడాది వెనుకకు జరిగినది. ఆమె కన్నీరు నేను చూచితిని. ఆ ఖర్చు చెప్పక తాతగారి ఔదార్యమును మాత్రమే చెప్పిన యెడల అది సత్యవ్రతమునకు లోపము.

ధర్మబంధువులారా, సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు చెప్పబడినవి. అందు మొదటిది నిశ్శంకితము, అనగా సందేహము లేకుండుట. రెండవది నిష్కాంక్షితము, అనగా ఫలము నాశించకుండుట. ఈ రెండును ప్రక్క ప్రక్కన ఎందుకున్నవో ఆ గట్టు తలచుకొన్నప్పుడు నాకు బోధపడును. సందేహించువాడు గింజ వేయడు. కాంక్షించువాడు వేసిన గింజను మరునాడే త్రవ్వి చూచును. వేయవలెను, వేసి ఊరకుండవలెను. ఋషభదేవుడు ఇల్లిల్లు తిరిగినది ఇట్లే. ప్రతి దినము భిక్షకు బయలుదేరినాడు గనుక నిరాశ లేదు. దొరకనప్పుడు చింతింపలేదు గనుక తృష్ణ లేదు. తృష్ణ చేయి చాచి నిలుచును. శ్రద్ధ పిడికిలి విప్పి వేయును.

ఆరవ అంగము స్థిరీకరణము. ధర్మము నుండి జారుచున్నవానిని పట్టి నిలుపుటయే దాని అర్థము. ఆకలిగొన్నవాని యెడల ఈ అంగము మాటలతో నెరవేరదు. ఆ రైతుకు ధైర్యము చెప్పి తాతగారు తిరిగి వచ్చి యుండిన ఆ ధైర్యము వానికి ఒక పూట కూడ నిలువదు. గింజలతో వచ్చిన ఆశ నిలిచినది. వర్తకుని చేతిలో ఇతరుల ఆశ ఎంత యున్నదో మనము తరచుగా మరచిపోవుదుము.

ఈ కళింగ భూమిలో మనకు ముందు నడచినవాడు ఖారవేల చక్రవర్తి. భువనేశ్వరము దగ్గర ఉదయగిరి గుట్టపై హాథీగుంఫా శాసనమును చూచినవారు మీలో అనేకులుందురు. అర్హంతులకు, సిద్ధులకు నమస్కారముతో ఆరంభమగు ఆ శాసనములో, ఆ రాజు తన పాలనలో మొదటి సంవత్సరమున చేసిన పని యేమని యున్నది? తుపాను వలన చెడిన కోట గోడలను, ద్వారములను బాగు చేయించెనని. అయిదవ సంవత్సరమున, నందరాజు ఎన్నడో త్రవ్వించిన కాలువను రాజధానిలోనికి పొడిగించెనని. అర్హంతుల భక్తుడు తుపాను వెనువెంట చేసిన పని గోడ కట్టుట. ఆ తరువాతది నీరు తెచ్చుట.

ఇక నా తప్పు చెప్పి ముగించెదను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. కొబ్బరి చెట్లు, మొగలి పొదలు, ఇండ్ల కప్పులు నేలపాలైనవి. నా కొట్టు రేకులు కూడ ఎగిరిపోయినవి. పది దినముల తరువాత ఆ రైతు మనుమడు వచ్చి, పెసలు, మినుములు విత్తనమునకు అప్పుగా అడిగినాడు. నేను, "దీపావళికి లెక్కలు చూసుకున్నాక రా," అన్నాను. నా మాటలో అబద్ధము లేదు. కాని తాతగారి కొట్టులో కూర్చుండి ఆయన మాట మరచితిని. అతడు మరల రాలేదు. గంజాం జిల్లా యువకులు వేలాదిగా పోవుచున్నట్లే, అతడును సూరత్తు మరమగ్గములలో పనికి పోయినాడు.

మరుసటి యేడు సంవత్సరి నాడు ఊరిలో అందరితోను మిచ్ఛామి దుక్కడం చెప్పుకొంటిని. రాత్రి నిద్ర రాలేదు. చెప్పవలసిన ఇల్లు ఒకటి మిగిలినది. తెల్లవారి ఆ పల్లెకు పోయితిని. అతని తల్లి నన్ను పోల్చుకొని పీట వేసినది. నేను చేతులు జోడించి నా తప్పు చెప్పితిని. ఆమె నిష్ఠురమాడలేదు. "పొలం ఉంది బాబూ. గింజ ఇస్తే చిన్నవాడు వేస్తాడు," అన్నది. ఆశ ఆమె వద్దనే ఉన్నది. నేను తీసికొని పోవలసినది గింజలు మాత్రమే. ఆ కార్తికములో తీసికొని పోయితిని. పెద్దవాడు నేటికిని సూరత్తులోనే ఉన్నాడు. నేనాడిన మాట వలన పోయినది అంతయు తిరిగి రాలేదు.

కావున సోదరులారా, రాబోవు అక్షయ తృతీయ నాడు బంగారపు కొట్టుకు పోవుటకు ముందు, మీకు పండించి పెట్టుచున్న ఒక ఇంటిని తలచుకొనుడు. మీ గోదాములో అమ్మరాని బస్తా ఒకటి ఉండవలెను. అది మీ పిల్లలకు కనబడవలెను. ఎందుకు అమ్మలేదని వారు అడుగుదురు. అప్పుడు మీరు చెప్పు సమాధానమే వారికి ఆశను గూర్చిన మొదటి పాఠము.

జై జినేంద్ర.