‘వర్చువల్’ అంటే ఉత్తుత్తిదేనా?



లతీను చచ్చిపోయిన భాష అంటారు. కానీ మీ ఇంట్లో సెల్‌ఫోనులో ఆట ఆడుకునే కుర్రవాడి పక్కన పది నిమిషాలు కూర్చోండి. వీడియో, బోనస్, ఐటెమ్, ఎరీనా, మిషన్, వర్సస్ అంటూ ఉంటాడు. అన్నీ లతీను నుండి వచ్చిన మాటలే! వీడియో అంటే ‘నేను చూస్తున్నాను’. బోనస్ అంటే ‘మంచి’. ఐటెమ్ అంటే ‘అలాగే’. పాత జాబితాలలో ప్రతి పద్దు ముందూ ‘అలాగే, అలాగే’ అని రాసుకుంటూ పోగా, చివరకు పద్దుకే ఆ పేరు వచ్చింది.

ఇవన్నీ సరదా సంగతులు. ఎరీనా సంగతి అలాంటిది కాదు. ఆ మాటకు ఇసుక అని అర్థం. రోమా నగరంలో యోధులు ప్రజల వినోదం కోసం కత్తులతో పొడుచుకునే చోట, కారిన రక్తం ఇంకడానికి ఇసుక పరిచేవారు. ఇసుక పేరే ఆ స్థలానికి నిలిచింది. ఓడినవాణ్ణి ప్రాణాలతో విడిచిపెట్టడాన్ని అక్కడ ‘మిస్సియో’ అనేవారు, అంటే పంపివేయడం. మన మిషన్, మిషనరీ అనే మాటలు పుట్టింది కూడా ఇందులోనుండే. మిస్సియో లేని పోటీలను అగుస్తు చక్రవర్తి నిషేధించాడు (లూకా సువార్తలో జనాభా లెక్కలు రాయించిన ఆయనే). నేటి ఆటల్లో చాలావాటిలో మిషన్ పూర్తి కావాలంటే ఎదుటి పక్షంలో ఒక్కడూ మిగలకూడదు!

మా విచారణలో ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు జ్ఞానోపదేశం తరగతిలో అడిగాడు: “ఫాదర్, ఆటలో రోజూ నలభై మందిని చంపుతాను. పాపసంకీర్తనంలో చెప్పాలా?” అందరూ నవ్వారు. “అయినా అదంతా వర్చువల్ కదా” అని జవాబూ వాడే ఇచ్చుకున్నాడు.

ఆ మాటకు మూలం ‘విర్తూస్’. మొదట పౌరుషం, శక్తి అని అర్థం. సుగుణం అని కూడా. మధ్యయుగపు తత్వవేత్తలు దీనినుండే ‘విర్తువాలిస్’ అనే మాటను తీశారు. ఒక వస్తువు తన సొంత రూపంలో లేకపోయినా దాని శక్తి పనిచేస్తూ ఉంటే, దాన్ని అలా అనేవారు. మజ్జిగలో కలిపిన ఉప్పు కంటికి కనబడదు, నాలుకకు తెలుస్తుంది. పునీత తోమాసు అక్వినాసు వారు మిశ్రమ పదార్థాలలో మూలభూతాలు ఉండే తీరును ఇలాగే వివరించారు. గురువిద్యాలయంలో ఈ పాఠానికి మాకు నిద్ర వచ్చేది. సెల్‌ఫోన్లు వచ్చాక గాని దాని అవసరం తెలియలేదు.

ఆటలో ఎవరి ప్రాణమూ పోలేదు. కాబట్టి ఐదవ ఆజ్ఞ ప్రకారం అది హత్య కాదు. చదరంగంలో రాజుకు ఆట కట్టించినవాణ్ణి రాజహంతకుడు అంటామా? అయితే రూపం లేనంత మాత్రాన శక్తి కూడా లేదనడానికి వీలులేదు.

పునీత అగుస్తీను వారు 400వ సంవత్సర ప్రాంతంలో రాసిన ‘కన్ఫెషన్స్’ ఆరవ భాగంలో తమ మిత్రుడు అలీపియుస్ సంగతి చెప్పారు. న్యాయశాస్త్రం చదవడానికి రోమా వెళ్ళిన అతనికి ఆ ఎరీనా పోటీలంటే అసహ్యం. స్నేహితులు బలవంతంగా లాక్కుపోతే కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. జనం ఒక్కసారిగా కేక వేశారు. కళ్ళు తెరిచాడు. అంతే, మత్తెక్కిపోయాడు! తర్వాత ఇతరులను తానే వెంటబెట్టుకు వెళ్ళేవాడట. అతడు కత్తి పట్టలేదు, ఎవరినీ చంపలేదు. అయినా ఎంత మారిపోయాడో చూడండి. అక్కడ పారింది నిజమైన రక్తం, ఇక్కడున్నవి బొమ్మలు. తేడా చాలా ఉంది, కాదనను.

కానీ ‘వర్సస్’ మాట మిగిలింది. లతీనులో దాని మొదటి అర్థం ‘వైపు తిరిగిన’ అని. ‘వ్యతిరేకంగా’ అనేది తర్వాత కోర్టు భాషలో వచ్చింది. ఆన్‌లైన్ ఆటలో మీ పిల్లవాడి వైపు తిరిగి ఉన్నది తరచుగా ఏదో ఊళ్ళో ఫోను పట్టుకున్న మరో పిల్లవాడు. వాడి బొమ్మను కాల్చడం ఆట. ఓడిపోయిన కోపంలో మైకులో వాడి తల్లిని తిట్టడం ఏ భాషలో వర్చువల్ అవుతుంది?

ఇది చెప్పినప్పుడు తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఆ అబ్బాయి కాసేపాగి, “తిట్లు కూడా చెప్పాలా ఫాదర్?” అన్నాడు.

“నలభై మంది సంగతి వదిలెయ్యి నాయనా, అవే చెప్పు” అన్నాను.