వించెస్టరు బిషప్పు

ధ్యాన వాక్యము: కీర్తనలు 2:11

భయభక్తులతో ప్రభువును సేవింపవలెనని చెప్పు ఈ వాక్యమును మనము ఆరాధనలో ఎన్నిసార్లు చదివితిమో లెక్క లేదు. పాడుచున్నవారి మీదికే అది తీర్పుగా వచ్చిన దినమొకటి సంఘ చరిత్రలో కలదు.

964వ సంవత్సరము, లెంటు దినముల ప్రారంభము. ఇంగ్లండులోని వించెస్టరు పెద్ద దేవాలయములో గురువులు ప్రభురాత్రి భోజన సంస్కారము ముగించుచు ఆ కీర్తన వాక్యమునే పాడుచుండిరి. ద్వారమునొద్ద అబింగ్డను మఠమునుండి వచ్చిన సన్యాసులు నిలిచియుండిరి. లోపలివారి పాటయే తమకు పిలుపని యెంచి వారు ప్రవేశించిరి. ఎడ్గరు రాజు పంపిన వుల్ఫ్‌స్టన్ అను అధికారి గురువులతో, సన్యాస వస్త్రము ధరించుడి, లేదా స్థలము విడిచి పొండని ఆజ్ఞాపించెను. వారు వెళ్లిపోయిరి. దీనినంతటిని నడిపినవాడు ఆ పట్టణములోనే పుట్టిన బిషప్పు ఎథెల్‌వోల్డ్. ఆయన బిషప్పై అప్పటికి మూడు నెలలైనను నిండలేదు.

ఆ గురువులు తిండిపోతులు, త్రాగుబోతులు, తమ వంతు ఆరాధన జరుపనివారు, భార్యలను విడిచి వేరొకరిని చేర్చుకొనినవారు అని వ్రాయబడియున్నది. వ్రాసినవారు బిషప్పుగారి శిష్యులే! గురువుల పక్షపు మాట వారి నోట మనము వినుట లేదు. భార్య యుండుటయే దోషమని మన సంఘములు ఎంచవు. విడనాడుట మాత్రము ఏ కాలమందైనను దోషమే. అయినను రాజభటుని ముందు పెట్టుకొని దేవుని మందిరమును శుద్ధిచేయుట మాకు సమ్మతము కాదు. భయము పుట్టినది, నిజమే. అది దేవుని భయమా, రాజు భయమా? 975లో ఎడ్గరు చనిపోగానే మెర్సియా ప్రాంతపు ప్రభువు పలు మఠములనుండి సన్యాసులను వెళ్లగొట్టెను. రాజు బలముతో నిలిచినది రాజుతోకూడ కదలెను.

ఇంతమాత్రమే అయినయెడల ఆయనను గూర్చి వ్రాయ పూనుకొనకపోదుము. ఇతరుల నెంత కఠినముగా చూచెనో తన్నును అంతే చూచుకొనెను. అబింగ్డనులో పాడుపడిన మఠమును తిరిగి నిలుపునప్పుడు స్వయముగా కట్టడపు పనిచేసి, ఎత్తునుండి పడి ప్రక్కటెముకలు విరుగగొట్టుకొనెను. లాటిను రానివారి నిమిత్తము బెనెడిక్టు నియమావళిని ఆ దేశపు భాషలోనికి తర్జుమా చేసెను. ఆయనదని పండితులెంచు ఒక పీఠికలో, మనుష్యుడు ఏ భాషద్వారా విశ్వాసమునకు వచ్చినను భేదము లేదను భావము కనబడుచున్నది. తెలుగులో లేఖనములు చదువుకొను మనము ఆ మాటయొద్ద కొంతసేపు నిలువవచ్చును. పదవ శతాబ్దమున ఒక బిషప్పు ఆలాగు తలంచుట చిన్న సంగతి కాదు. బాలురకు లాటిను గ్రంథములను వారి భాషలోనే వివరించి చెప్పుట ఆయనకు మిక్కిలి ఇష్టము. ఆ బడిలో చదివిన ఎల్‌ఫ్రిక్ తరువాత సామాన్య జనులకై ఆంగ్లభాషలో పదుల కొలది ప్రసంగములు వ్రాసెను. అవి నేటికిని నిలిచియున్నవి.

ఒకసారి గొప్ప కరవు వచ్చెను. బిషప్పుగారు తనకున్న ధనమంతయు ఆకలిగొన్నవారికి వెచ్చించెను. అది చాలకపోయెను. అప్పుడు ఆలయపు ఖజానాలోని వెండి పాత్రలను తెప్పించి, ముక్కలు చేయించి, నాణెములుగా మార్పించెను. దేవుని పోలికెలో చేయబడిన మనుష్యుడు ఆకలితో నశించుచుండగా మూగ లోహము చెక్కుచెదరక యుండుట తాను చూడజాలనని ఆయన చెప్పినట్లు శిష్యుడొకడు వ్రాసెను. ఆ దినమున ఏ అధికారియు ద్వారమునొద్ద నిలువవలసిన పని లేకపోయెను.

వెళ్లగొట్టబడిన గురువులలో ముగ్గురు తరువాత తిరిగి వచ్చిరి. వారిలో ఎడ్సిజె యనువాడు బిషప్పుగారికి బంధువు. అతడు ఆ కోపమును సంవత్సరముల తరబడి మనస్సులో ఉంచుకొని, ఆయన ముఖము చూచుటకును ఇష్టపడలేదు. బంధువు చేసిన గాయము మానుట కష్టము. తుదకు అతడు మెత్తబడి, తాను పాడుచుండగా వెళ్లగొట్టబడిన ఆ ఆలయమునకే సన్యాసియై వచ్చి, మరణమువరకు అక్కడనే జీవించెను.